ఏసీబీకి జడ్జిని అధిపతిగా ఎందుకు పెట్టకూడదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఏ కుంభకోణం బయటపడినా సిట్టింగ్ జడ్జితో విచారణ జరిపించాలని డిమాండ్ చేస్తారు. ఏసీబీ అయితే ఏ ప్రభుత్వం ఉంటే ఆ ప్రభుత్వం మాటే వింటుంది. అలాంటప్పుడు ఒక హైకోర్టు జడ్జినే ఏసీబీకి అధిపతిగా కూర్చోబెడితే రాజకీయ జోక్యం పోతుంది కదా, అభ్యంతరం దేనికి?" దీంతోపాటు, మీ భూమి పని కోసం ఒక ఉద్యోగి లంచం అడుగుతున్నాడని, ఏసీబీని నమ్మలేక నేరుగా కోర్టులో జడ్జిగారికే ఉత్తరం రాయాలనుకుంటున్నానని కూడా అన్నారు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఏసీబీ కేసుల్లో కొన్నేళ్లు ప్రాసిక్యూషన్ తరఫున, ఆ తర్వాత చాలాకాలం నిందితుల తరఫున వాదించిన వకీలుగా నా సమాధానం ఇది: పెట్టకూడదు. ఏసీబీ మీద మీకున్న అనుమానం నిజమే అయినా పెట్టకూడదు. జడ్జిని దర్యాప్తులోకి దింపితే ముందుగా దెబ్బతినేది అవినీతి కేసే. పట్టుబడినవాడు బయటపడటానికి అంతకన్నా మంచి దారి ఇంకొకటి దొరకదు.

ఎలాగో చెప్పాలంటే ట్రాప్ కేసు, అంటే లంచం తీసుకుంటుండగా వలపన్ని పట్టుకునే కేసు, దగ్గర మొదలుపెట్టాలి. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్లకు ఏసీబీ వాళ్లు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. ఆ మధ్యవర్తులు వేరే శాఖల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులు. అధికారి డబ్బు తీసుకోగానే సిగ్నల్ వస్తుంది, టీం లోపలికి వెళ్తుంది, ఆయన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. నీళ్లు గులాబీ రంగులోకి మారితే ఆయన చేతులు ఆ నోట్లను తాకినట్టు. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీలు వేసి, లేబుల్ మీద అందరూ సంతకాలు పెడతారు. టీవీలో వచ్చేది ఇంతవరకే.

అసలు కథ ఏళ్ల తర్వాత కోర్టు హాల్లో నడుస్తుంది. సీసా సీలు చెక్కుచెదరకుండా ఉందా? పొడి పూసిన కానిస్టేబులే ద్రావణం కూడా కలిపాడా? డబ్బు అధికారి అడిగి తీసుకున్నాడా, లేక ఆయన లేని సమయంలో టేబుల్ సొరుగులో పెట్టి వచ్చారా? లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రెండూ రుజువు కావాలి. నీళ్లు గులాబీ రంగులోకి మారినంత మాత్రాన శిక్ష పడదు. ఈలోగా ఫిర్యాదుదారు మాట మార్చేసి ఉంటాడు. డిఫెన్స్ లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏసీబీ డీఎస్పీని గంటల తరబడి నిలదీస్తాడు. ఈ పరీక్షంతా ఎవరి ముందు జరుగుతోంది? ఆ ట్రాప్‌తో, ఆ టీంతో, ఆ ఫిర్యాదుతో ఏ సంబంధమూ లేని జడ్జి ముందు. అందుకే ఆ పరీక్షకు నిలబడి వచ్చిన శిక్షకు పై కోర్టుల్లోనూ విలువ ఉంటుంది.

ఇక ఆ డీఎస్పీ స్థానంలో ఒక హైకోర్టు జడ్జి ఉన్నారనుకోండి. ఆయన ఆదేశించిన దర్యాప్తు తప్పుల తడక అని కింది కోర్టు జడ్జి ఏ ధైర్యంతో రాస్తారు? రేపు ఆ కింది జడ్జి ప్రమోషన్, బదిలీ, క్రమశిక్షణ చూసేది హైకోర్టే కదా. ఆయన నిజాయితీగా నిందితుడికి శిక్ష వేసినా, "పైవాళ్లకు భయపడి వేశాడు" అని అప్పీల్‌లో మొదటి వాదనే అది అవుతుంది. నేనైతే అదే వాదిస్తాను, నా క్లయింటు పట్ల అది నా బాధ్యత కూడా.

ఇది నేను ఊహించి భయపెడుతున్న సంగతి కాదు. మన సుప్రీంకోర్టు 1954లోనే ఈ ముడి విప్పింది. రావు శివబహదూర్ సింగ్ అని అప్పటి వింధ్య ప్రదేశ్‌లో పరిశ్రమల మంత్రి. పన్నా వజ్రాల గనుల వ్యవహారంలో 25,000 రూపాయల లంచం తీసుకుంటూ 1949 ఏప్రిల్‌లో ఢిల్లీలోని కాన్‌స్టిట్యూషన్ హౌస్‌లో దొరికిపోయాడు. ట్రాప్‌కు బలం ఉంటుందని పోలీసులు వెంట ఒక మేజిస్ట్రేట్‌ను కూడా తీసుకెళ్లారు. మంత్రికి శిక్ష ఖాయమైంది. కానీ మేజిస్ట్రేట్లను పోలీసులు ఇలా తమ పక్షం సాక్షులుగా వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. మేజిస్ట్రేట్ల స్వతంత్రత, నిష్పక్షపాతం దీంతో దెబ్బతింటాయని చెప్పింది. ట్రాప్‌కు వెళ్లిన మేజిస్ట్రేట్ రేపు బోనులో నిలబడి సాక్ష్యం చెప్పాలి, ఇంకో న్యాయాధికారి తన తోటివాడి మాట నమ్మాలా వద్దా తేల్చాలి. మన ట్రాపుల్లో మధ్యవర్తులుగా ఏ ఇంజనీరింగ్ శాఖ నుంచో ఉద్యోగులు వస్తారు తప్ప కోర్టు నుంచి ఎవరూ రారు. దాని వెనకున్న ఆలోచన ఇదే.

మీరు చెప్పిన ప్రయోగాన్ని ఒక దేశం నిజంగానే చేసి చూసింది. దాన్ని కాస్త వివరంగా చెబుతాను. ఈ విషయంలో అంతకన్నా నేర్పే ఉదాహరణ నాకు తెలిసి మరొకటి లేదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయిన కొత్తలో ప్రభుత్వ సొమ్ము దోపిడీని అరికట్టడానికి 1996లో ఒక చట్టం చేశారు. దాని కింద రెండు వ్యవస్థలు. ఒకటి స్పెషల్ ఇన్వెస్టిగేటింగ్ యూనిట్, అంటే దర్యాప్తు చేసి, పోయిన సొమ్ము రాబట్టడానికి దావాలు వేసే సంస్థ. రెండోది ఆ దావాలు వినే స్పెషల్ ట్రిబ్యునల్. దర్యాప్తు యూనిట్‌కు కూడా జడ్జే అధిపతిగా ఉండాలని చట్టంలోనే రాశారు. 1997లో అధ్యక్షుడు నెల్సన్ మండేలా విల్లెమ్ హీత్ అనే జడ్జిని ఆ పదవిలో నియమించారు. హీత్ చురుకైన మనిషి, జనంలో మంచి పేరు తెచ్చుకున్నాడు. మీరు కోరుకుంటున్న ఏసీబీ అధిపతి అచ్చం ఇలాగే ఉంటాడు.

తర్వాత ఈ యూనిట్‌కు ఇంకో పని అప్పగించారు. రోడ్డు ప్రమాద బాధితులకు ఫండ్ నుంచి వచ్చే పరిహారంలో కొందరు లాయర్లు మోసం చేస్తున్నారన్న ఆరోపణల మీద దర్యాప్తు. అలాంటి కేసులు వాదించే లాయర్ల సంఘం కోర్టుకెక్కింది. జడ్జి దర్యాప్తు సంస్థకు అధిపతిగా ఉండటం రాజ్యాంగ విరుద్ధం అన్నది వాళ్ల ప్రధాన వాదన. 2000 నవంబరు 28న రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకుంది. తీర్పు రాసింది ఆర్థర్ చాస్కల్‌సన్. వర్ణవివక్ష ప్రభుత్వం మండేలాను జైలుకు పంపిన రివోనియా కేసులో ఆయన పక్షాన వాదించిన లాయర్ల బృందంలో చాస్కల్‌సన్ ఒకరు. ఆ కోర్టుకు మొదటి అధ్యక్షుడిగా ఆయన్ను నియమించింది కూడా మండేలాయే. అంటే ఇది అవినీతిపరులను కాపాడాలని చూసేవాళ్లు ఇచ్చిన తీర్పు అనడానికి వీల్లేదు.

చాస్కల్‌సన్ వేసిన ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. ఈ పని మామూలుగా ఎవరిది, ప్రభుత్వానిదా కోర్టుదా? ఇందులో ప్రభుత్వ అదుపు ఉంటుందా? నిర్ణయాలు చట్టాన్ని బట్టి తీసుకోవాలా, లేక ఏ కేసు ముందు పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అని విధానం ప్రకారం తీసుకోవాలా? దీనివల్ల జడ్జి రాజకీయ గొడవల్లో చిక్కుకుంటారా? కోర్టు పనికి దూరమవుతారా? హీత్ విషయంలో ప్రతి జవాబూ ఆయనకు ప్రతికూలంగానే వచ్చింది. ఆయన యూనిట్ సోదాలు చేస్తుంది, పత్రాలు స్వాధీనం చేసుకుంటుంది, మనుషుల్ని పిలిచి ప్రశ్నిస్తుంది, ఆ తర్వాత తానే కక్షిదారుగా దావా వేస్తుంది. ఏ వ్యవహారం దర్యాప్తు చేయాలో అధ్యక్షుడు ప్రకటన ఇస్తేనే పని మొదలవుతుంది. పైగా పదవికి గడువు లేదు, ఏళ్ల తరబడి ఆయన కోర్టులో కూర్చోలేదు. ఇవన్నీ చేసే మనిషిని జడ్జిగా ఎవరు చూస్తారు? వ్యవస్థ సర్దుకోవడానికి కోర్టు కొంత గడువిచ్చింది. విచారణ కమిషన్‌కు జడ్జి నేతృత్వం వహించడం వేరు, పోలీసు తరహా సంస్థను నడపడం వేరు అని కూడా స్పష్టంగా చెప్పింది.

ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. అప్పట్లో దక్షిణాఫ్రికాను ఊపేసిన పెద్ద వివాదం ఆయుధాల కొనుగోలు. దాని దర్యాప్తులో హీత్ యూనిట్ కూడా ఉండాలని పార్లమెంటులో ఒత్తిడి ఉంది. 2001 జనవరిలో అధ్యక్షుడు థాబో ఎంబెకి టీవీలో మాట్లాడుతూ ఆ యూనిట్‌ను తీసుకోవడం లేదని ప్రకటించాడు. చూపించిన కారణాల్లో ఈ తీర్పూ ఒకటి. సరైన సూత్రాన్ని ప్రభుత్వం తనకు ఇబ్బంది కలిగించే దర్యాప్తును పక్కన పెట్టడానికి వాడుకుంది. నాకు ఇది ఇప్పటికీ బాధ కలిగించే విషయమే. జడ్జిని దర్యాప్తు నుంచి బయటకు తీసుకొస్తే సరిపోదు, ఆయన వెళ్లిపోయిన కుర్చీలో కూర్చునేవారికి రక్షణ ఉండాలి. లేకపోతే లాభపడేది ప్రభుత్వమే.

హీత్ కథ అక్కడితో ఆగలేదు. ఆయన జడ్జి పదవి వదిలేశాడు. తర్వాతి కాలంలో జేకబ్ జుమాకు న్యాయ సలహాలు ఇచ్చాడు. 2011 చివర్లో అధ్యక్షుడిగా ఉన్న జుమా ఆయన్నే మళ్లీ అదే యూనిట్‌కు అధిపతిని చేశాడు. పదవిలోకి రాగానే ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, జుమా మీద కేసులు పెట్టించింది ఎంబెకియేనని ఆరోపించాడు. పెద్ద దుమారం రేగింది, కొద్ది వారాల్లోనే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు దేశమంతా నిష్పక్షపాతానికి ప్రతీకగా చూసిన జడ్జి! దర్యాప్తు కుర్చీ మనిషిని ఏదో ఒక పక్షానికి లాగుతుంది. కేసు రుజువు చేయాలనే పట్టుదల దర్యాప్తు అధికారికి ఉండాల్సిందే, అది లేకపోతే ఆయన ఆ పనికి పనికిరాడు. అదే పట్టుదల జడ్జిలో కనబడితే ఆయన ముందు న్యాయం జరుగుతుందని ఎవరూ నమ్మరు.

ఇప్పుడు అక్కడ ఆ రెండు వ్యవస్థలూ విడివిడిగా నడుస్తున్నాయి. యూనిట్‌ను జడ్జిలు కానివారు నడుపుతారు, 2019లో మళ్లీ ఏర్పాటైన ట్రిబ్యునల్‌లో జడ్జిలు కూర్చుంటారు.

బ్రెజిల్‌ది ఇంకో రకం పాఠం. అక్కడ జడ్జిని దర్యాప్తు సంస్థలో నియమించలేదు, ఆయనే దానికి దగ్గరయ్యాడు. లావా జాటో పేరుతో 2014లో మొదలైన అవినీతి కేసుల్లో కురిచిబా నగరానికి చెందిన జడ్జి సెర్జియో మోరో దేశానికి హీరో అయిపోయాడు. 2017లో మాజీ అధ్యక్షుడు లూలాకు శిక్ష వేశాడు. లూలా 580 రోజులు జైల్లో ఉన్నాడు. మోరో 2019లో బోల్సొనారో ప్రభుత్వంలో న్యాయమంత్రిగా చేరాడు. అదే ఏడాది, కేసు నడిపిన ప్రాసిక్యూటర్లకూ ఆయనకూ మధ్య నడిచిన మెసేజ్‌లు పత్రికలకెక్కాయి. కేసు ఎలా నడపాలో జడ్జే సూచనలిచ్చినట్టు వాటిలో కనిపించింది. 2021 మార్చిలో బ్రెజిల్ సుప్రీంకోర్టు మోరో పక్షపాతంతో వ్యవహరించాడని తేల్చింది, లూలా మీద శిక్షలు రద్దయ్యాయి. లూలా నిజంగా తప్పు చేశాడా లేదా అన్నది ఆ కేసుల్లో ఇక తేలనే లేదు. అవినీతి మీద పోరాటం అంటూ అంత హడావిడి చేసి, చివరికి ఎటూ తేల్చలేని స్థితికి తెచ్చుకున్నారు.

ఇక మన సంగతి. "సిట్టింగ్ జడ్జితో విచారణ" అని మనవాళ్లు అడిగేది చాలా వరకు 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసే కమిషన్. దానికీ ఏసీబీకీ పోలికే లేదు. కమిషన్ ఎవరినీ అరెస్టు చేయదు, ఛార్జిషీటు వేయదు. సాక్షులను పిలిచి విని, నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక ప్రభుత్వానికి సలహా మాత్రమే, అందులో రాసిందాన్ని బట్టి కోర్టు ఎవరికీ శిక్ష వేయదు. తర్వాత కేసు పెట్టాలంటే దర్యాప్తు సంస్థ మళ్లీ మొదటి నుంచి సాక్ష్యాలు సేకరించాలి. కాళేశ్వరం చూశారు కదా. మొదట సిట్టింగ్ జడ్జి మాటే వినబడింది, చివరికి రిటైర్డ్ జడ్జి జస్టిస్ పినాకి చంద్ర ఘోష్‌తో 2024 మార్చిలో కమిషన్ వేశారు. కేంద్ర స్థాయిలో అవినీతి ఫిర్యాదులు చూసే లోక్‌పాల్ సంస్థకు తొలి అధిపతి ఆయనే. 2025 జూన్‌లో మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ కమిషన్ ముందు హాజరయ్యారు, జులై చివర్లో నివేదిక వచ్చింది, ఆ తర్వాత ప్రభుత్వం వ్యవహారాన్ని సీబీఐకి అప్పగిస్తామంది. ఇంత జరిగాక దర్యాప్తు అప్పుడు మొదలుకావాలి!

కమిషన్ పదవే ఒక జడ్జిని ఎంత ఇరకాటంలో పెట్టగలదో కూడా మన దగ్గరే చూశాం. విద్యుత్ కొనుగోళ్లపై తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిషన్‌కు జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి నేతృత్వం వహించారు. విచారణ సాగుతుండగా ఆయన ప్రెస్ మీట్ పెట్టి మాట్లాడారు. ముందే ఒక అభిప్రాయానికి వచ్చేశారంటూ కేసీఆర్ కోర్టుకెళ్లారు. హైకోర్టు కొట్టేసింది కానీ, 2024 జులై 16న సుప్రీంకోర్టు ఆ ప్రెస్ మీట్ మీద అభ్యంతరం చెప్పి కమిషన్‌కు వేరొకరిని పెట్టమంది. ఆయన తప్పుకున్నారు, జస్టిస్ మదన్ బి. లోకూర్ వచ్చారు. గమనించండి, ఇక్కడ ఉన్నది రిటైరైన జడ్జి, చేస్తున్నది సలహా ఇచ్చే విచారణ. అయినా నిష్పక్షపాతం ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదే సర్వీసులో ఉన్న జడ్జి, చేతిలో అరెస్టు అధికారం, ఎదురుగా మాజీ ముఖ్యమంత్రి అయితే పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. 2023 సెప్టెంబరులో స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడిని విజయవాడ ఏసీబీ కోర్టు రిమాండుకు పంపినప్పుడు, మామూలు రిమాండ్ ఉత్తర్వుకే న్యాయాధికారులను సోషల్ మీడియాలో దారుణంగా తిట్టారు, ఆ సంగతి హైకోర్టులో ధిక్కార కేసు దాకా పోయింది. దర్యాప్తు కూడా జడ్జే చేస్తే ఆ తిట్లకు అడ్డుకట్ట వేయడానికి ఏ కోర్టు మిగులుతుంది?

మీరు అడగబోయేది నాకు తెలుసు. "సుప్రీంకోర్టే సీబీఐ దర్యాప్తులను పర్యవేక్షించింది కదా?" అవును, పర్యవేక్షించింది. రాజకీయ నాయకులకు హవాలా దారిలో డబ్బు ముట్టిందన్న జైన్ హవాలా వ్యవహారంలో, అంటే వినీత్ నారాయణ్ కేసులో, 1997 డిసెంబరు 18న జస్టిస్ జె.ఎస్. వర్మ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దీనికి మూలం. సీబీఐ డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు చట్టబద్ధత, ఇవన్నీ దాని పుణ్యమే. కానీ ఆ కోర్టు పెట్టుకున్న హద్దు చూడండి: దర్యాప్తు జరుగుతోందా లేదా అని చూస్తాం, ఛార్జిషీటు పడగానే మా పర్యవేక్షణ ఆగిపోతుంది, దోషి ఎవరో తేల్చేది ట్రయల్ కోర్టు. టెలికాం లైసెన్సుల మీద నడిచిన 2జీ కేసులో ఆ హద్దు నిజంగా పనిచేసింది. దర్యాప్తును పర్యవేక్షించిన సుప్రీంకోర్టే 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులు రద్దు చేసింది. అయినా 2017 డిసెంబరు 21న ప్రత్యేక జడ్జి ఓ.పి. సైనీ సాక్ష్యాలు చాలలేదని నిందితులందరినీ విడుదల చేశారు. ఆ తీర్పుతో మీరు ఏకీభవించకపోవచ్చు. దేశంలోని అత్యున్నత కోర్టు కన్నేసి ఉంచిన కేసులో ఒక ట్రయల్ జడ్జి "రుజువు కాలేదు" అని రాయగలిగాడంటే, ఆ కుర్చీ దర్యాప్తుకు దూరంగా ఉండబట్టే.

పర్యవేక్షణలోనూ ఒక ప్రమాదం ఉంది, దాచను. వారం వారం సీల్డ్ కవర్‌లో స్టేటస్ రిపోర్టు చదివే జడ్జికి నిందితుడి వైపు మాట వినబడదు. దర్యాప్తు అధికారి చెప్పిందే మనసులో నాటుకుంటుంది. కాబట్టి ఈ పర్యవేక్షణ ఎప్పుడో ఒకసారి, దర్యాప్తును తొక్కిపెడుతున్నారని కళ్లకు కట్టినప్పుడు మాత్రమే జరగాలి. అలవాటుగా మారితే మంచిది కాదు.

సీబీఐ డైరెక్టర్ ఎంపిక కమిటీ ఇంకో చిక్కు. ప్రధాని, లోక్‌సభ ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన నియమించే సుప్రీంకోర్టు జడ్జి అందులో సభ్యులు. 2018 అక్టోబరు 23 అర్ధరాత్రి డైరెక్టర్ అలోక్ వర్మను సెలవు మీద పంపి, మన తెలుగువారైన ఎం. నాగేశ్వరరావుకు తాత్కాలిక బాధ్యతలిచ్చారు. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు వర్మను తిరిగి కూర్చోబెట్టి, తొలగించాలా వద్దా అన్నది కమిటీయే తేల్చాలంది. తీర్పు ఇచ్చింది ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ నేతృత్వంలోని ధర్మాసనమే కాబట్టి ఆయన కమిటీలో కూర్చోలేదు, జస్టిస్ ఎ.కె. సిక్రీని పంపారు. జనవరి 10న ప్రధాని, జస్టిస్ సిక్రీ ఒక వైపు, ప్రతిపక్షం తరఫున మల్లికార్జున ఖర్గే మరో వైపు. వర్మను తప్పించారు. రెండు మూడు రోజుల్లోనే, రిటైరయ్యాక జస్టిస్ సిక్రీకి కామన్వెల్త్ ట్రిబ్యునల్‌లో పదవికి ప్రభుత్వం ప్రతిపాదించిందన్న వార్త వచ్చింది. ఆ ప్రతిపాదన ఈ కమిటీ భేటీకి ముందుదే. అయినా అంతా రెంటినీ ముడిపెట్టారు, ఆయన ఆ పదవికి ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకున్నారు. ఒక జడ్జి ఒక్క పూట పాలనాపరమైన కమిటీలో కూర్చున్నందుకు ఇంత జరిగింది.

కమిటీలో ప్రధాన న్యాయమూర్తి అసలు ఎందుకు ఉండాలని 2025 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ కూడా ప్రశ్నించారు. నేను అంతదూరం వెళ్లను. ఎంపికలో ఒక ఓటు వేయడానికీ సంస్థను నడపడానికీ తేడా ఉంది. 2021 మేలో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఆ కమిటీలో ఉన్నప్పుడు, పదవీ విరమణకు ఆరు నెలలలోపు ఉన్నవారిని తీసుకోకూడదన్న నిబంధన గుర్తుచేయడంతో కొన్ని పేర్లు వాటంతటవే పక్కకు పోయాయని పత్రికలు రాశాయి. ఆ ఒక్క గొంతు అక్కడ ఉండటం మేలే చేసింది. అయితే నియమించడంలో ఓటు సరే, తొలగించడంలో ఓటు మాత్రం జడ్జికి ఇవ్వకూడదు. తొలగింపు చివరకు కోర్టుకే వస్తుంది, వర్మ కేసులో వచ్చినట్టే.

ఇదంతా తిప్పి చూస్తే ఇంకో ప్రశ్న వస్తుంది: దర్యాప్తు సంస్థలు జడ్జిల మీదకు వస్తే? 2025 జనవరి 27న లోక్‌పాల్, హైకోర్టు జడ్జిలు కూడా తన పరిధిలోకి వస్తారని ఉత్తర్వు ఇచ్చింది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు తనంతట తానే దాన్ని చేపట్టి స్టే ఇచ్చింది. పై కోర్టుల జడ్జి మీద అవినీతి కేసు పెట్టాలంటే ముందు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని 1991లో వీరాస్వామి కేసులో చెప్పిన మాట దీనికి నేపథ్యం. జడ్జిలకు రక్షణ కావాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ రక్షణ వల్ల ఫిర్యాదు ఏమైందో బయటివారికి తెలియకపోవడం మాత్రం నాకు నచ్చదు. దర్యాప్తుకు జడ్జిలు దూరంగా ఉండాలని అడిగే మేము, జడ్జిల మీద వచ్చే ఫిర్యాదును కూడా బయటివారు నమ్మే పద్ధతిలో చూడాలని అదే గట్టిగా అడగాలి.

ఇక మీ అసలు బాధ, ఏసీబీ ప్రభుత్వం చెప్పినట్టు నడుస్తుందన్నది. దానికి మందు సంస్థలోనే వేయాలి. ఏసీబీ డైరెక్టర్ జనరల్‌ను ప్రభుత్వం తలుచుకుంటే ఎప్పుడైనా మార్చగలదు. సీబీఐ డైరెక్టర్‌కు ఉన్నట్టు ఆయనకూ చట్టంలో రెండేళ్ల హామీ ఎందుకు ఉండకూడదు? కేసు నడిపే ప్రాసిక్యూటర్లు దర్యాప్తు అధికారుల చేతికింద లేకుండా వేరుగా ఉండాలి. జస్టిస్ రమణ 2022 ఏప్రిల్ 1న సీబీఐ కార్యక్రమంలో ప్రసంగిస్తూ దర్యాప్తు సంస్థలన్నిటినీ ఒక స్వతంత్ర వ్యవస్థ కిందకు తేవాలని, దర్యాప్తు, ప్రాసిక్యూషన్ విభాగాలు వేరుగా ఉండాలని సూచించారు. ఆ స్వతంత్ర వ్యవస్థను జడ్జి నడపాలని ఆయన అనలేదు. మరో అడ్డంకి ప్రాసిక్యూషన్ అనుమతి. ఛార్జిషీటు సిద్ధమైనా ప్రభుత్వం శాంక్షన్ ఇచ్చేదాకా కోర్టు కేసు తీసుకోలేదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ దీనికి మూడు నెలలు, అవసరమైతే మరో నెల గడువు పెట్టింది. ఆచరణలో గడువు దాటినా అడిగే నాథుడు లేడు. పార్టీల నాయకులు మీ ఊరొచ్చినప్పుడు "సిట్టింగ్ జడ్జి" అనే మాట బదులు, ఈ గడువు దాటిన ఫైళ్ల జాబితా బయటపెడతారా అని అడగండి.

ఇప్పుడు మీ ఉత్తరం సంగతి. ఏసీబీ కోర్టు జడ్జిగారికి ఉత్తరం రాయకండి, ఎవరి ద్వారానో ఇంటికి వెళ్లి కలిసే ప్రయత్నం అస్సలు చేయకండి. అలా చేస్తే రేపు మీ కేసు ఆయన ముందుకే వచ్చినప్పుడు డిఫెన్స్ లాయర్ దాన్నే పట్టుకుంటాడు, జడ్జిగారు కేసు వదులుకోవాల్సి రావచ్చు. తెలంగాణలో అయితే 1064 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా ఏసీబీ డీఎస్పీని కలవండి. డబ్బు ఇవ్వకముందే వెళ్లండి. ముందుగా చెప్పి ట్రాప్‌లో ఇచ్చినవారి మీద లంచం ఇచ్చిన నేరం ఉండదు. బలవంతం మీద ఇప్పటికే ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ట్రాప్‌కు ప్రభుత్వం ముందస్తు అనుమతి అక్కర్లేదు, కాబట్టి "పైనుంచి పర్మిషన్ రాలేదు" అంటే నమ్మకండి. ఆ ఉద్యోగి ఎప్పుడు, ఎక్కడ, ఎంత అడిగాడో ఏ రోజుకారోజు రాసిపెట్టుకోండి, ఫోన్ సంభాషణలు ఉంటే చెరపకండి, ఆ ఫోను కూడా మార్చకండి. ఫిర్యాదు కాపీ మీద తేదీతో రసీదు తీసుకోండి. ఏసీబీ కదలకపోతే అప్పుడు కోర్టుకు వెళ్లవచ్చు, అది కూడా లాయరు ద్వారా ప్రైవేటు ఫిర్యాదు రూపంలో, ఓపెన్ కోర్టులో. ఆ దారిలో ప్రాసిక్యూషన్ అనుమతి ప్రశ్న వెంటనే వస్తుంది కాబట్టి ముందు ఏసీబీ దగ్గర ప్రయత్నం పూర్తిచేయండి. టెన్షన్ పడకండి. ఆ ఉద్యోగి మీకిచ్చిన గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పండి, ట్రాప్‌కు కనీసం ఒకటి రెండు రోజుల ముందు వెళ్లాల్సి ఉంటుంది.